చచ్చినవాడి జోకు

టాస్మేనియాలోని ఆ ఊరి హాల్లో ఏటా చలికాలం వేసే విషాద నాటకంలో నాయకుడు నెవిల్, అతని ప్రాణస్నేహితుడి వేషం కోలిన్‌ది. బయట కూడా వాళ్లు స్నేహితులే. ఇరవై ఏళ్లుగా కోలిన్ రెండో అంకం చివర చచ్చిపోతున్నాడు. అతను పడిపోతే బయట కట్టేసిన గొర్రెల కాపలా కుక్కలు కూడా ఏడ్చేవి. ముందు చచ్చినవాళ్లే విరామంలో టీ కాచాలన్నది అక్కడి ఆచారం. నెవిల్ మాట మరిచిపోతే జోకు వేసి కాపాడటం కూడా కోలిన్ పనే.

ఆ ఏడు నెవిల్, శవంలా పడున్న కోలిన్ చెయ్యి పట్టుకుని, "పోకురా కోలీ. నువ్వూ పోతే నాకెవరున్నార్రా?" అన్నాడు. నాటకంలో లేని మాట. మళ్లీ మరిచిపోయాడనుకుని కోలిన్ ఒక కన్ను తెరిచి, "పోకపోతే టీ ఎవడు కాస్తాడ్రా, మీ తాతా?" అన్నాడు. హాలు విరగబడి నవ్వింది. నెవిల్ మెల్లగా చెయ్యి వదిలేశాడు.

విరామంలో ఎవరో చెప్పారు, నెవిల్ భార్య ఐరిస్ ఆ పొద్దునే ఇల్లు విడిచి వెళ్లిపోయిందని. కోలిన్ తెర వెనక్కి పరుగెత్తాడు.

"నాకొక్క మాట చెప్పలేదేంరా?"

"చెప్పాను కదరా," అన్నాడు నెవిల్, అద్దంలోకి చూస్తూ.

ఆ జోకు మళ్లీ చెప్పమని ఊళ్లోవాళ్లు ఇప్పటికీ కోలిన్‌ని బతిమాలుతారు. అతను చెప్పడు.