వెండిరంగు వేసిన గేర్‌బాక్స్

ఎదురు షెడ్డు గేర్‌బాక్స్ మేస్త్రి చనిపోయాడని నాకు టీ కొట్టు ఆమె చెప్పింది. పొద్దున్నే గ్లాసు చేతిలో పెట్టి, "సాయిబు పోయిండంట, భద్రాచలం దవాఖానాల," అన్నది. నాకు మొదట ఏమనిపించిందో అదే రాస్తున్నాను. ఇందులో కూడా ఆయనే ముందు పోయాడే అనిపించింది. నాకంటే చిన్నవాడు. వరసగా అయితే నేను పోవాలి, ఆయన ఏడవాలి, ఆ ఏడుపు చూసి నలుగురూ ఎంత మంచివాడో అనుకోవాలి. ఆ పని నా మీద పెట్టి వెళ్ళాడు.

మా రోడ్డు మెకానిక్కులంతా కలిసి ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. నా చదువు మూడో తరగతి. పైగా ఆయన్ని పొగడడం నాకు అలవాటు లేదు. అయినా ఆయన్ని నా అంత దగ్గరగా చూసినవాడు ఇంకొకడు లేడు కాబట్టి రాస్తున్నాను. కుళ్ళుకునేవాడు చూసినంత బాగా ప్రేమించేవాడు కూడా చూడడు.

దమ్మపేటలో నాది ఇంజన్ షెడ్డు, రోడ్డుకు అవతల ఆయనది గేర్‌బాక్స్ షెడ్డు. మా వైపు పని అలా విడిపోయి ఉంటుంది. ఇంజన్ విప్పే చెయ్యి గేర్‌బాక్స్ ముట్టదు, అది విప్పే చెయ్యి ఇది ముట్టదు. బండికి రెండూ పోతే ఓనరు రెండు షెడ్లకూ తిరగాలి. పనయ్యాక ఏదైనా తేడా వస్తే ఇంజన్ మేస్త్రి గేర్‌బాక్స్ వైపు వేలు చూపిస్తాడు, గేర్‌బాక్స్ మేస్త్రి ఇంజన్ వైపు చూపిస్తాడు. మేమిద్దరం ఆ వేళ్ళు చూపించుకుంటూనే ముసలివాళ్ళమయ్యాం.

నా షెడ్డుకు బండి తెచ్చినవాళ్ళు బండి నా దగ్గర వదిలి రోడ్డు దాటేవాళ్ళు. ఇంజన్ నా దగ్గర ముక్కలై ఉండేది, ఓనరు ఆయన బల్ల మీద చాయ్ తాగుతూ నవ్వుతుండేవాడు. నేనూ ఒక బల్ల చేయించాను. ఆయన దానికంటే పొడుగు. దాని మీద పిల్లి తప్ప ఎవరూ కూర్చోలేదు.

మధ్యాహ్నం నమాజుకు పోయే ముందు ఆయన చేతులు కడుక్కోవడం నేను మా షెడ్డులోంచి చూసేవాణ్ణి. ముందు రంపపు పొట్టుతో రుద్దేవాడు, తర్వాత సబ్బు, ఆ తర్వాత చీపురుపుల్లతో గోళ్ళ సందులు. మోచేతుల దాకా గేర్ ఆయిల్లో ముంచిన మనిషి రోడ్డు మీదికి వచ్చేసరికి అవి పెళ్ళికొడుకు చేతులు. మా ఆవిడ ఒకసారి నాకు అన్నం తెచ్చి, నా గోళ్ళు చూసి, రోడ్డు అవతలికి చూసి, ఏమీ అనకుండా మూత తీసింది. ఏదో ఒకటి అనుంటే బాగుండేది. నేనూ రంపపు పొట్టు తెప్పించాను. నా గోళ్ళు తెల్లబడలేదు.

గేర్‌బాక్స్ విప్పితే పాత దుప్పటి పరిచి, ఏ పళ్ళ చక్రం ఏ వరసలో బయటికొచ్చిందో ఆ వరసలో పేర్చేవాడు. ఆ దుప్పటిని ఎవరూ దాటకూడదు, చుట్టూ తిరిగి పోవాలి. ఒకసారి నేను కావాలనే కాలెత్తాను. "అన్నా, చుట్టు తిరిగి రా. నీ మోకాళ్ళు ఇంకా మంచిగనే ఉన్నయి గదా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తిరిగి వెళ్ళక తప్పలేదు.

పానా పట్టే ముందు చాయ్ తాగాలనేవాడు. "చాయ్ తాగేలోపల కోపం దిగుతది. కోపంతోని విప్పిన బోల్టు మళ్ల సక్కగ ఎక్కది," అనేవాడు. ఇంకోమాట కూడా అనేవాడు: "మోత పెట్టే బండికి భయపడకు. సప్పుడు చెయ్యకుండ సతాయించేదాన్ని చూస్కో." ఈ మాటలు నా నోట్లోంచి వచ్చుంటే ఎంత బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. నా నోట్లోంచి వచ్చేవి వేరే.

నాకూ ఒక విద్య ఉంది. బాగుచేసిన ఇంజన్‌ను కడిగి, ఆరబెట్టి, వెండిరంగు కొట్టి, పసుపు రాసి ఇస్తాను. బానెట్ ఎత్తితే అందులో మొహం కనిపించాలి. ఆయన గేర్‌బాక్స్‌కు రంగు వేసేవాడు కాదు. నూనెగుడ్డతో తుడిచి ఇచ్చేసేవాడు. "కింద ఉండేదానికి సోకులెందుకన్నా," అనేవాడు. ఈ ఒక్కచోట నేనే పైన ఉన్నానని నా లెక్క.

ఇక ఆ పికప్ సంగతి. ఆయిల్‌పామ్ గెలలు ఫ్యాక్టరీకి తోలే పాత బండి అది. ఓనరు ఒక ఆడమనిషి, డ్రైవరు కూడా ఆమే. నన్ను బాబాయి అంటుంది, ఆయన్ని చాచా అంటుంది. ఇంజన్ పొగ కక్కుతోంది, గేర్లు జారిపోతున్నాయి అని తెచ్చింది. ఇంజన్ మొత్తం నేను విప్పి కట్టాను, గేర్‌బాక్స్ ఆయన విప్పి కట్టాడు. కొత్తగా కట్టిన ఇంజన్ కదా, కొన్నాళ్ళు సగం లోడే వెయ్యమని చెప్పి పంపాను.

వారం తిరక్కుండానే వచ్చి రోడ్డు మధ్యలో బండి ఆపింది.

"బాబాయి, పొద్దున బానే స్టార్టయితది. ఫ్యాక్టరీ కాడ ఆపి మళ్ల తిప్పితే జరమొచ్చినోడు మంచం మీదికెల్లి లేసినట్టు లేస్తది. క్లచ్చేమో రాయి లెక్క అయింది, తొక్కలేక సస్తున్న."

"స్టార్టు కాకపోతే బ్యాటరీ చూస్కో. క్లచ్చు సంగతి అవతల అడుగు," అన్నాను.

ఆయన లేచి వచ్చాడు. "గేర్లు ఎన్నపూస లెక్క పడుతున్నయి బిడ్డా. ఇంజనే బిగుసుకున్నదేమో, కొత్త బేరింగులు గదా. పెద్దమేస్త్రినడుగు."

"నా ఇంజన్ బిగుసుకుందా?"

"నేనన్లేదన్నా. ఏమో అన్న."

ఆమె బ్యాటరీ మార్చింది. అయినా అంతే. పెడల్ నుంచి గేర్‌బాక్స్‌కు పోయే ఇనప తీగ, క్లచ్చు వైరు, కొత్తది వేయించింది. కొన్నాళ్ళు మెత్తగా ఉండి మళ్ళీ రాయి అయింది. ఈసారి వచ్చి బండి దిగలేదు. స్టీరింగ్ దగ్గర కూర్చునే అరిచింది.

"ఇద్దరు ముసలోళ్లు నా బండిని పొలంగట్టు లెక్క పంచుకున్నరు! రేపు ఖమ్మం తీస్కపోత. ఆడ మొత్తం విప్పిస్త. ఎవలి చెయ్యి మంచిదో, ఎవలిది చెడిందో తేలిపోతది. ఆ తర్వాత నేనూకుంటనా? ఈ రోడ్డు మొత్తం చెప్త."

చెప్తుంది కూడా. గెలలు తోలే బండ్లన్నీ ఆమె మాట వింటాయి. నా ఇంజన్ ఖమ్మంలో ఎవడో విప్పి, ముసలాయన చెయ్యి తప్పింది అన్నాడంటే ఇక నేను షెడ్డు తెరవనక్కర్లేదు. ఈ వయసులో పోయిన పేరు మళ్ళీ రాదు. అయితే నాకు భయం ఒక్కటే లేదు, ఆశ కూడా ఉంది. తప్పు ఆయనదని తేలాలి. అందరి ముందూ తేలాలి. అలా కోరుకున్నాను.

ఆయన మాత్రం ఆమెతో మెల్లగా, "ఒక్క ట్రిప్పు మమ్మల్నిద్దర్ని ఎక్కించుకొని తోలు తల్లీ. తర్వాత ఖమ్మం పో, కాశీకి పో, నీ ఇష్టం," అన్నాడు.

ముగ్గురం ముందే కూర్చున్నాం. ఆయన మధ్యలో, గేరు రాడ్డు ఆయన మోకాళ్ళ సందున. ఆమె గేరు మార్చినప్పుడల్లా ఆయన మర్యాదగా ఇటు జరిగేవాడు, నేను తలుపుకు అతుక్కునేవాణ్ణి. అడవి రోడ్డెక్కి, టేకుచెట్ల మధ్య ఎత్తు ఎక్కి, పైన ఆపమన్నాడు. ఇంజన్ ఆపింది. మళ్ళీ తాళం తిప్పింది. గర్ర్... గర్ర్... అని మూలిగింది.

"విన్నవా అన్నా, నీ ఇంజన్ గొంతు," అన్నాడు.

"నీ క్లచ్చు తొక్కి చూడు ముందు. కాలు తిరిగొస్తదేమో చూద్దాం," అన్నాను.

"మీరిద్దరు ఈన్నే కొట్టుకోండ్రి. నేను గెలలు నెత్తిన పెట్టుకొని పోత," అని ఆమె తలుపు తీసి దిగింది.

నేను దిగి బానెట్ ఎత్తాను. ఆయన్ని స్టీరింగ్ దగ్గరికి జరిగి తాళం తిప్పమన్నాను. తిప్పాడు. క్లచ్చు వైరు పొడుగునా సన్నగా పొగ లేచింది. రబ్బరు కాలిన వాసన. నా సంతోషం చెప్పలేను.

"భాయ్, దొరికింది! నీ క్లచ్చు కాలుతాంది!" అని అడవంతా వినపడేట్టు అరిచాను.

ఆయన దిగి వచ్చి వైరును వేలితో ముట్టి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఈడ చాయ్ లేదు గదా," అని ఆమె సీసాలో నీళ్ళు తాగి, రోడ్డు పక్కన గొంతుక్కూర్చున్నాడు. కాసేపటికి, "క్లచ్చు ఎవలూ తొక్కలే గదన్నా. తొక్కని వైరు ఎందుకు కాలుతది?" అన్నాడు.

"కరెంటు పారితే కాలుతది," అన్నాను. ఎగతాళికే అన్నాను. అనగానే ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఇద్దరం ఒక్కసారే బండి కిందికి దూరాం. తలలు ఠప్పున గుద్దుకున్నాయి. ఆమె పైన నవ్వుతుంటే వినపడింది.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. బ్యాటరీ నుంచి స్టార్టరుకు పోయిన కరెంటు మళ్ళీ బ్యాటరీకి తిరిగి రావాలి. దానికని గేర్‌బాక్స్ నుంచి ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, రాగి జడలాంటి ఒక పట్టీ బిగిస్తారు. దాన్ని ఎర్తు పట్టీ అంటాం. పట్టీ ఉంది. బోల్టు గట్టిగానే ఉంది. కానీ పట్టీ కింద, గేర్‌బాక్స్ మీద, దట్టంగా వెండిరంగు. రంగులోంచి కరెంటు పోదు. దారి దొరక్క, గేర్‌బాక్స్ నుంచి పెడల్ దాకా వచ్చే క్లచ్చు వైరు పట్టుకుని తిరిగి పోతోంది. అందుకే స్టార్టరుకు బలం చాలలేదు. అందుకే కొత్తది వేసినా క్లచ్చు వైరు లోపల కరిగి రాయి అయింది. నా బేరింగుల్లో తప్పు లేదు, ఆయన గేర్లలో తప్పు లేదు.

"రంగెవలేసిన్రు?" అన్నాను. తెలిసే అడిగాను.

వెల్లకిలా పడుకున్న ఆయన ఆ రంగు వైపు చూశాడు. పొట్ట కదిలేలా నవ్వాడు.

"నేనే అన్నా. నీ ఇంజన్ తళతళ మెరుస్తాంది. పక్కన నా డబ్బా మసిబట్టిన గిన్నె లెక్క కనవడ్డది. కుళ్లుకున్న. పోయి నువ్వు వాడే రంగు డబ్బానే తెచ్చిన."

ఆ మాట అంత సుళువుగా అనేశాడు. ఆకలైంది అన్నట్టు, దాహమైంది అన్నట్టు అన్నాడు. ఆయన పక్కనే మట్టిలో పడుకుని ఉన్నాను. నా నోటి దాకా వచ్చింది. ఆ బల్ల సంగతి, రంపపు పొట్టు సంగతి, మా ఆవిడ చూపు సంగతి, అన్నీ వచ్చాయి. బయటికి రాలేదు. నేను ఇన్నేళ్ళు మోసినదాన్ని ఆయన ఒక్క నవ్వులో కింద పెట్టేశాడు. గిరాకీ చూసి, చేతులు చూసి ఎంత కుళ్ళుకున్నానో, ఆ నోరు చూసి అంతకంటే ఎక్కువ కుళ్ళుకున్నాను.

"బ్లేడు ఉందా? గీకుదాం," అన్నాను. అంతే అన్నాను.

ఆయన గీకాడు, నేను పట్టీ బిగించాను. గేర్‌బాక్స్ పని మీద నా చెయ్యి పడడం అదే మొదలు, ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె తాళం అలా ముట్టుకుందో లేదో ఇంజన్ అందుకుంది.

"ఇగ చెప్పున్రి, తప్పెవలిది?" అన్నది.

నేను నోరు తెరిచేలోపలే ఆయన, "నాదే బిడ్డా. ముసలితనంల సోకులకు పోయిన. పెద్దమేస్త్రి ఇంజన్ బంగారం," అన్నాడు.

నేను కోరుకున్నదంతా జరిగింది. నా పేరు నిలిచింది, తప్పు ఆయనదని ఆయన నోటే తేలింది. తర్వాత ఏమైందో వినండి. ఆమె ఊరూరా, "తప్పు తనదేనని మొకం మీద చెప్పే మేస్త్రి ఈ రోడ్డుమీద ఒక్కడే ఉన్నడు," అని చెప్పుకుంటూ తిరిగింది. ములకలపల్లి నుంచి కూడా బండ్లు వచ్చి ఆయన షెడ్డు ముందు వరస కట్టాయి. తప్పు లేని నా దగ్గరికి ఒక్కటి ఎక్కువ రాలేదు.

ఆయన జనాజాకు అడవి ఊళ్ళ నుంచి జనాన్ని ఆ పికప్‌లోనే తెచ్చింది ఆమె. ఖబరస్తాన్‌లో నేనూ మట్టి వేశాను. వచ్చిన జనాన్ని చూశాను. నేను పోయినప్పుడు ఇందులో సగం మంది వస్తారా అని లెక్క వేసుకున్నాను. అక్కడ కూడా.

గేటు బయట మనుషులు ఎక్కాక ఆమె తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే స్టార్టయింది. వెనక నిలబడ్డ ఎవరో, "చాచా చెయ్యి పడ్డ బండి, గట్లనే ఉంటది," అన్నారు.

నేను ఊరుకోలేదు. కిటికీ దగ్గరికి పోయి, "తాళం తిప్పితే మోగేది ఇంజన్. అది నాది," అన్నాను.

ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంగుతో ముక్కు తుడుచుకుని నవ్వింది. "అవ్ బాబాయి. అది నీదే. గేరేస్తున్న, జరుగు," అన్నది.

జరిగాను. బండి అడవి వైపు ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. గోడ పక్కన నిలబడి విన్నాను. గేరు మారేచోట ఇంజన్ ఒక్క ఊపిరి తగ్గి, మళ్ళీ అందుకుంది. ఆ చప్పుడులో ఎక్కడి దాకా నాది, ఎక్కడి నుంచి ఆయనది అని విడదీద్దామని చూశాను. నా చెవికి అది కష్టమైన పని కాదు. ఆ రోజు విడిపోలేదు. టేకుచెట్ల వెనక బండి కనపడకుండా పోయింది. పైన, మేము ముగ్గురం ఆగినచోట కాబోలు, ఇంకోసారి గేరు మారింది.