పాకం పళ్ళేనికి కాపలా

ఆ రోజుల్లో సాయం చేయడమంటే అవతలివాళ్ళ పని లాక్కుని చేసేయడమే అని నాకుండేది. అందుకే చెల్లి నాకు అప్పగించిన ఒకే ఒక్క పని, అంటే నోరు మూసుకుని కుర్చీలో కూర్చోవడం, సాయంత్రం దాకా కూడా చేయలేకపోయాను. తప్పు నాదే (ఆ రోజు మాత్రం జనం మీదకి నెట్టాను).

చెల్లి విశాఖలో బొమ్మలు వేసే చదువు చదివింది, సొంతంగా ఒక ప్రదర్శన పెట్టబోతోంది. పైచదువుకి ఇంకా దూరం వెళ్తానంది. నాన్నకేమో మోకాళ్ళు పాడయ్యాయి, గజపతినగరంలో మా బట్టల కొట్టు చూసుకునే మనిషి కావాలి. నేను గరివిడిలో ఏదో చిన్న ఉద్యోగం వెతుక్కుని ముందే తప్పించుకున్నాను. మిగిలింది చెల్లి. “నీ ప్రదర్శన వచ్చి సూస్తాను. జనానికి పట్టిందా, సదువుకో. పట్టలేదా, కొట్లో కూకో” అని నాన్న తేల్చేశాడు.

ప్రదర్శన ఆమదాలవలసలో, ఖాళీగా పడున్న ఒక ధాన్యం గోదాంలో. అందులో బొమ్మ ఒక్కటీ లేదు. ఒక బల్ల, దానికి అటూ ఇటూ రెండు స్టూళ్ళు, బల్ల మీద పళ్ళెం నిండా బెల్లంతో చేసిన జీడిపప్పు పాకం ముక్కలు. గోడ మీద పెద్ద అక్షరాలతో, ‘ఇష్టమైతే కూర్చోండి, తినండి, ఎదుటివాళ్ళతో మాట్లాడండి. లేకపోతే వద్దు. ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగరు’ అని రాసింది. మనం మన ఇష్టంతో చేసేదెంత, ఎవరో బలవంతపెడితే చేసేదెంత అన్నదే అందులో సంగతట. నేను ఎవరినీ తినమనకూడదు, వద్దనకూడదు.

పొద్దుట్నుంచీ జనం రాకపోలేదు. వచ్చి, గోడ చదివి, పాకం వంక చూసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. కాసేపు గుటకలు మింగి వెళ్ళిపోయేవారు. ఒక పెద్దావిడ బల్ల చుట్టూ తిరిగి తిరిగి నా దగ్గరకొచ్చి, “ఏటి బాబూ, మీరు తినమనకుండా మేం ఎలాగ తింటాం? ఎవులైనా సూస్తే ఏటనుకుంటారు?” అంది. నిజమే. మా వైపు ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారి విసుక్కుంటున్నట్టు తీసుకోవాలి. ఎవరూ పెట్టకుండా తీసుకుంటే వాడికి ఆబ అంటారు. ఇదంతా తెలిసిన చెల్లి ఇలాంటిది ఎందుకు పెట్టిందో, ఈ జనం తలా ఒక ముక్క నోట్లో వేసుకుంటే వీళ్ళ సొమ్మేం పోతుందో అని నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం చెల్లి నాన్నని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్ళింది. స్టూళ్ళు రెండూ ఖాళీ. ఇక ఆగలేకపోయాను. ఇంకా అక్కడే తచ్చాడుతున్న ఆ పెద్దావిడని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, “తినండి పిన్నీ, తినకపోతే నా మీద ఒట్టే” అన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. సుగరుంది బాబూ అంటూనే రెండు ముక్కలు తీసుకుంది. ఆ ఊపులో రోడ్డు మీద పోయేవాళ్ళని కూడా లాక్కొచ్చాను. వద్దు వద్దంటూనే అందరూ తిన్నారు, తిని పక్కవాళ్ళకి బలవంతంగా పెట్టారు, గోదాం పెళ్ళివారి విడిదిలా హోరెత్తిపోయింది.

నాన్న గుమ్మంలో ఆగి, పర్వాలేదే, జనం బాగానే వచ్చారన్నాడు. పక్కనే నిలబడ్డ చెల్లి ఖాళీ పళ్ళేన్ని చూసింది, నన్ను చూసింది. అప్పుడు తలూపి ఊరుకుంటే దాని చదువు దానికి దక్కేది. ఊరుకోలేదు.

“ఇది నాది కాదు నానా. అన్నియ్య అందరిసేతా బలవంతంగా తినిపించినాడు” అంది. తర్వాత నా వైపు తిరిగి, “పొద్దుట్నుంచీ తినకుండా నిలబడ్డారు సూడు, అదే నా ప్రదర్శన. దాన్నే చెడగొట్టీసినావు” అంది.

అయితే సోమవారం నుంచి కొట్లో కూర్చోమన్నాడు నాన్న. చెల్లి పళ్ళెం కడిగి పెట్టుకుంది. తిరుగు బండిలో నా పక్కన కూర్చోలేదు.

సోమవారం నేను గరివిడి వెళ్ళలేదు. అందరికంటే ముందు లేచి, కొట్టు తలుపులు తీసి, నాన్న కూర్చునే పరుపు మీద కూర్చున్నాను. నాన్న కర్ర ఊతంతో నడుచుకుంటూ వచ్చి, నన్ను చూసి, “నిన్నెవులు కూకోమన్నార్రా?” అన్నాడు. ఎవరూ అనలేదన్నాను. ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆ ఏడే చెల్లి పైచదువుకి వెళ్ళింది.

ఇప్పటికీ ఆ పరుపు మీదే ఉన్నాను. చీర నచ్చక లేచిపోయేవాళ్ళని ఇంకొకటి చూడండమ్మా అని ఆపబోయి నాలుక కరుచుకుంటాను (అలా లేచి వెళ్ళినవాళ్ళతోనే ఎదురు కొట్టతను బాగుపడ్డాడు). చెల్లి వచ్చినప్పుడల్లా గల్లాపెట్టె పక్కన పాకం పళ్ళెం పెట్టి, నోరు మూసుకుని బట్టలు మడతపెట్టుకుంటాను. అది ఎవరూ అడగకుండానే వచ్చి పెద్ద ముక్క తీసుకుంటుంది. నేను మాత్రం ఎవరైనా తినమంటారేమోనని ఇంకా చూస్తూనే ఉంటాను.