గంగమ్మ వాటా

నర్సమ్మల మనసు వెన్న అంటారు. నాది కాదు. నాది పాము పగ, ముందే చెప్పేస్తున్నాను.

మా నాన్న అండమాన్‌లో రంగత్ వైపు ఒకాయన బోటులో వల లాగేవాడు. వేటకి బయల్దేరే ముందు ఆ బోటు యజమాని సీసా మూత తీసి, బోటు ముక్కు మీద కాస్త గంగమ్మకి పోసేవాడు. మిగతాది బోటులో పనిచేసే కళాసీలందరూ తలా ఒక గుక్క తాగాలి. దాన్ని గంగమ్మ వాటా అనేవారు. గుక్కతో మొదలైంది గుక్కతో ఆగేది కాదు. నేను బడికెళ్లే రోజుల్లో ఒక ఏడాది నాన్న పంతం పట్టి తాగుడు మానేశాడు. ఆ కొన్ని నెలలూ మా ఇంట్లో సాయంత్రం పూట నవ్వులు వినిపించేవి.

ఒక పొద్దున నాన్న మర్చిపోయిన అన్నం క్యారేజీ పట్టుకుని జెట్టీకి వెళ్లాను. నాన్న సీసా వద్దని చెయ్యి అడ్డం పెడుతున్నాడు.

"గంగమ్మ వాటా కాదన్నోడు నా బోటెక్కకూడదు. రేపేటైనా అయితే నువ్వు జవాబు సెప్తావేట్రా? నోరు తెరు!" అన్నాడు యజమాని.

అని నాన్న దవడ పట్టుకుని సీసా వంచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాన్న కూడా నవ్వేశాడు, నాకు ఎక్కువ మండింది దానికే. ఆ రోజు తర్వాత నాన్న మళ్లీ మానలేదు. నేను నర్సింగ్ చదువుతుండగా రక్తం కక్కుకుని పోయాడు. చూడటానికి వచ్చినవాళ్లు పగవాడికి కూడా ఇలాంటి చావు రాకూడదన్నారు. ఎందుకు రాకూడదు, ముందు వాడికే రావాలి అనుకున్నాను.

తాగుడు మాన్పించే పని నేర్పడానికి ఈమధ్య మా నర్సుల్ని పోర్ట్ బ్లెయిర్ పిలిచారు. ఇన్ని దీవులకి డాక్టర్లు ఎక్కడ సరిపోతారు, ఇకముందు ఈ పని మీ నర్సులదే, డాక్టరు ఫోన్లో ఉంటాడు, పేషంటు మీ ఎదురుగా ఉంటాడు అని చెప్పారు. పక్కనున్న ఆమె భయపడింది. నాకు మాత్రం ఆ మాట తియ్యగా వినిపించింది.

నేను అనుకున్నట్టే ఆ బోటు యజమాని మా ఆసుపత్రికి వచ్చాడు. కోడలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. "దీదీ, మామయ్యని సూడండి. మందు లేకపోతే గ్లాసు కూడా పట్టుకోలేకపోతన్నారు," అంది. వార్డులో ఉంచి వణుకు తగ్గించాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక మాత్ర రాశాడు. అది వేసుకున్నవాడు మందు ముట్టుకుంటే ఒళ్లంతా తిరగబడుతుంది. ఒంట్లో మందు ఉండగా వేస్తే, ఆయన గుండె ఉన్న స్థితికి ప్రాణమే పోవచ్చు. అందుకే రోజూ నర్సు చూసి, అడిగి, తన ఎదురుగానే మింగించాలి.

ఇంటి నుంచి వచ్చిన మొదటి రోజే నోట్లో లవంగం పెట్టుకుని వచ్చాడు. లవంగం వెనక వాసన నాకు తెలియదా? అది మా ఇంటి వాసన.

"తాగారా?"

"లేదు దీదీ. గంగమ్మ మీదొట్టు."

కోడలు నేల చూపులు చూస్తోంది. మాత్ర నా అరచేతిలో ఉంది. అడిగాను, లేదన్నాడు, ఇచ్చాను. నన్ను ఎవరేమంటారు? నా చెయ్యి ఆయన నోటి దాకా వెళ్లింది కూడా. అప్పుడే ఆయన మొహం చూశాను. నేనెవరో ఆయనకి తెలియదు.

"మీ బోటు కళాసీ కూతుర్ని," అని నాన్న పేరు చెప్పాను.

"ఎంతమంది కళాసీలో తల్లీ. ఎవరని యాదుంటారు?"

మాత్ర వెనక్కి తీసేశాను. దయతో కాదు. మా నాన్నని గుర్తు కూడా తెచ్చుకోకుండా ఇంత తేలిగ్గా పోతాడా? వీల్లేదనుకున్నాను. తాగి ఉన్నారు, ఇప్పుడిస్తే చచ్చిపోతారు, మానేశాక రండి అని పంపేశాను. విషయం డాక్టరుకి ఫోన్లో చెప్పాను. ఆయన తాగకుండా చూసే కాపలా పని కోడలికి అప్పజెప్పాను.

ఒంట్లో చుక్క లేకుండా వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టాం. ఆ తర్వాత ప్రతి పొద్దున్నా ఒకటే తంతు. నోరు తెరవండి. మింగండి. నాలుక ఎత్తండి. మాత్ర నాలుక కింద దాచుకోకుండా అందరితోనూ ఇదే చెప్తాను, కానీ ఆయనతో చెప్పినప్పుడు మాత్రం కడుపు చల్లగా ఉండేది. చేతుల వణుకు పోయింది. మొహం తేటపడింది. కోడలు నాకు దండాలు పెట్టేది.

మొన్న ఒక్కడే వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ గోలీ ఆపీ తల్లీ," అన్నాడు. "మీ బాబు అగుపిస్తన్నాడు. దవడ పట్టుకున్నాను కదా, ఆ దవడ ఈ సేతికి తగుల్తానే ఉంది. తాగినప్పుడు ఏటీ అగుపించేది కాదు."

ఇన్నేళ్లు నేను ఎదురుచూసిన మాట అదే. జాలేసిందని రాస్తే అబద్ధం. కసి తీరా విన్నాను.

"వద్దంటే మానెయ్యొచ్చు. బలవంతం చెయ్యడానికి నాకు హక్కు లేదు. మీ ఇష్టం," అన్నాను. ఆ మాట ప్రతి పేషంటుకీ చెప్పాలి. మా నాన్నకి ఎవరూ చెప్పలేదు.

ఆయన నా అరచేతిలోని మాత్ర వైపు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. నేను ఏమీ అనకముందే తనంతట తానే నోరు తెరిచాడు.

మాత్ర వేశాను. నీళ్లిచ్చాను.

"నాలుక ఎత్తండి," అన్నాను.