కొండ ఎడమచేతికి

ఫాల్గుణ శుద్ధ దశమి, గురువారం.

మా మరిది పోయాడు, రెండు వారాలు దాటింది. ఆదివారం పొద్దున కొండవీడు కొండల చుట్టూ సైకిలు తొక్కి వచ్చినవాడు, మంగళవారం మధ్యాహ్నం పప్పుచారు అన్నం తిని మంచమెక్కి మళ్లీ లేవలేదు. "అక్కా, పిలిస్తే పలకడం లేదు" అని మా తోడికోడలు ఫోన్ చేసింది. బ్రాడీపేటలో మా రెండిళ్లకీ మధ్య ఒక్క సందే. నేను వెళ్లేసరికి చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

పెద్దకర్మ కూడా అయిపోయింది. ఏడవడానికి ఇంట్లో చోటుంది, దానికి పత్రిక అక్కర్లేదు. ఇప్పుడు రాయడానికి కారణం వేరు. వచ్చే ఆదివారం అతని పేరు మీద స్మారక సైకిల్ యాత్ర చేస్తున్నారు. అతను బతికుండగా ఏ పని చేయొద్దన్నాడో, సరిగ్గా అదే పని అతని ఫొటో పెట్టుకుని చేయబోతున్నారు. ఆ యాత్రలో నా మనవరాలు ఉంటుంది. మీ పిల్లలూ ఉండొచ్చు.

ముందు ఫ్లెక్సీ సంగతి. మా సందు మొదట్లో కట్టారు. మా మరిది తలను కోసి, ఎవరో విదేశీ సైకిలు పందెగాడి ఒంటికి అతికించారు. నల్లకళ్లద్దాలు, బిగుతు లాగు, ఎవరివో తొడలు. కింద 'సైకిల్ సామ్రాట్' అని బిరుదు. మా మరిది జీవితంలో తొక్కింది క్యారేజీ ఉన్న మామూలు సైకిలు. వేసుకున్నది పొడుగు ప్యాంటు, అదీ గొలుసులో ఇరుక్కోకుండా చీలమండ దగ్గర రబ్బరు బ్యాండు పెట్టి. హెల్మెట్ కింద తువ్వాలు చుట్టుకునేవాడు, చూడ్డానికి గూటిలోంచి తొంగిచూసే పావురంలా ఉండేవాడు. ఆ బొమ్మ వేస్తే గౌరవం తగ్గుతుందని కాబోలు వీళ్ల భయం.

నేనేమీ అతన్ని దేవుణ్ణి చేయబోవడం లేదు. ముప్పై ఏళ్లు పత్తి రైతులకు పురుగుమందులు అమ్మాడు. మోటారు సైకిలు మీద గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తిరగని డొంక లేదు. రిటైరయ్యాక అవే దారుల్లో సైకిలు మీద చెరువులూ కోటలూ చూస్తానని బయల్దేరితే నాకు ఒళ్లు మండింది.

"ఊరూరా విషం అమ్మి, ఇప్పుడు చెరువులు చూసి మురుస్తావా?" అన్నాను.

"చూడకపోతే ఏం మిగిలిందో ఎట్లా తెలుస్తుంది వదినా?" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

అలా మొదలై, ఒకరిద్దరు తోడై, ఆదివారం బృందం అయింది. తిరిగొచ్చి చెమట చొక్కాతో మా వరండాలో కూర్చుని మజ్జిగ అడిగేవాడు. కొండవీటి రెడ్డి రాజుల కథ ప్రతిసారీ కొత్తగా చెప్పేవాడు, అంటే కొత్త తప్పులతో. నేను దిద్దేదాన్ని. మళ్లీ వారం ఆ దిద్దిన చోటే ఇంకో తప్పు చెప్పేవాడు.

ఈ నెలల్లో మన పల్లె రోడ్లలో సగం తారు మిరపకాయలదే. ఎర్రగా పరిచి ఆరబెడతారు. బృందంలోని కుర్రకారు ఆ పక్కన మిగిలిన జానెడు దారిలోంచి రివ్వున పోవాలని చూస్తారు. కాయ చక్రం కింద చిట్లితే వాళ్లకేం? అతను మాత్రం దిగి నడిచేవాడు, అందరినీ దింపేవాడు. "అది రోడ్డు కాదురా, కల్లం. ఒకళ్ల కల్లంలోకి బండేసుకుని దూరతావా?" అనేవాడు. ఒకసారి కాయలు తిరగేస్తున్న ఒకామె వీళ్ల బిగుతు బట్టలు చూసి నడుము మీద చేతులు పెట్టుకుందట.

"ఏంది సారూ, ఈళ్లు సర్కసోళ్లా?"

"కాదమ్మా, కొండ చూడ్డానికొచ్చారు."

"కొండ యాడికి పోద్దనీ, ఇంత పొద్దున్నే?"

మా మరిదికి ఆ మాట ఎంత నచ్చిందంటే, చేతి గడియారంలో వేగం చూసుకునేవాళ్లందరికీ అదే అప్పజెప్పేవాడు. "కొండ యాడికీ పోదు, మెల్లగా తొక్కండి."

మా ఆయన పోయాక నేను గుమ్మం దాటడం మానేశాను. నలుగురూ వచ్చి ధైర్యం చెప్పారు. ఇతను ధైర్యం చెప్పలేదు, పని చెప్పాడు. ఒక ఆదివారం ఆటో మాట్లాడి నన్ను ఫిరంగిపురం సెంటర్లో టీ కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టాడు. "వదినా, మేం చుట్టు తిరిగి వస్తాం. పోయినవాళ్లెందరో, వచ్చినవాళ్లెందరో నువ్వు సరిచూడు. లెక్కల టీచరువి, నీకన్నా ఎవరున్నారు?" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే నా ఉద్యోగం. ఒక్క ఆదివారం కూడా ఒక్క తల తగ్గలేదు.

ఎందుకు తగ్గలేదో చెప్తాను. ఫిరంగిపురం నుంచి మొదట పడమటికి పోయి, కొండల్ని చుట్టి, అవతల హైవే అంచున కాస్త దూరం తొక్కి, తిరిగి ఫిరంగిపురం చేరడం అతని పద్ధతి. దారి పొడుగునా కొండ ఎడమచేతికే ఉంటుంది. మన దగ్గర బండ్లు నడిచేది ఎడమన. కాబట్టి ముఖ్యమైన మలుపులన్నీ ఎడమకే, హైవే ఎక్కడం ఎడమకే, దిగడం ఎడమకే. ఎక్కడా లారీలకు అడ్డం పడక్కర్లేదు. పొద్దున సూర్యుడు వీపు మీద ఉంటాడు. కొండను కుడిచేతికి పెట్టుకుని తిరిగారా, మొదటి గంట ఎండ కళ్లలో కొడుతుంది, ఆపైన గ్రానైట్ లారీల మధ్య హైవేను రెండుసార్లు అడ్డంగా దాటాలి.

"కొండకి అప్రదక్షిణం ఏంటయ్యా?" అని అప్పట్లో అడిగాను.

"దేవుడైతే కుడిచెయ్యి, లారీ అయితే ఎడమచెయ్యి వదినా. దేవుడు తప్పు కాస్తాడు. లారీవాడు అసలు చూడనే చూడడు."

ఇప్పుడు బృందానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. ఏడో తరగతి నా దగ్గరే చదివాడు. మొన్న రూటు మ్యాపు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చూస్తే బాణం గుర్తులన్నీ తిరగబడి ఉన్నాయి.

"స్మారక యాత్ర కదా టీచర్ గారూ, ప్రదక్షిణంగా పెట్టాం. సార్ ఆత్మకి శాంతి. ఎడమ నుంచి తిరిగితే అశుభం అండి, అపసవ్యం."

"అపసవ్యం అంటే ఏంటి?"

"చెడు అనండీ."

"గడియారం ముల్లుకు ఎదురు దిశ. ఏడో తరగతిలో చెప్పాను, అప్పుడూ కిటికీలోంచి బయటికే చూశావు. సరే, మొన్న పెద్దకర్మలో పురోహితుడు మాటిమాటికీ 'అపసవ్యం' అంటూ కొడుకు చేత జంధ్యం ఎందుకు మార్పించాడో తెలుసా? పోయినవాళ్లకి చేసేది అపసవ్యంగానే చేస్తారు. నువ్వు భోజనం వేళకి వచ్చావు, నీకెలా తెలుస్తుంది?"

కాసేపు మ్యాపు మడతపెట్టాడు, విప్పాడు. "నిజమేనేమో కానీ టీచర్ గారూ, బ్యానర్లు ప్రింటయిపోయాయండి" అన్నాడు.

అదీ భక్తి. ఫ్లెక్సీ మీద బాణం తిప్పడానికి బద్ధకం, మనుషుల్ని లారీల కిందికి తిప్పడానికి తీరిక.

జెండా ఊపడానికి మా తోడికోడల్ని అప్పటికే ఒప్పించారు. "ఏ వైపు తిరిగితే ఏముందక్కా, ఆయన రారుగా" అంది. నేను గోడకి ఆనించి ఉన్న మరిది సైకిలు బయటికి లాగి, నేల మీద సుద్దముక్కతో కొండ గీసి, హైవే గీసి, రెండు దారుల్లోనూ దాన్ని నడిపించి చూపించాను. "ఆయన వెంట పోయిన ఒక్క పిల్లకి మోకాలైనా గీరుకోలేదక్కా. అట్లా అయితే జెండా నేను ఊపను. ఈ మాట నా మాటగానే రాయి" అంది.

రాశాను. ఇక జరగవలసినవి:

1. యాత్ర ఫిరంగిపురం నుంచి పడమటికే బయల్దేరాలి. బాణాల మీద కాగితం అతికించండి. జిగురు నేను పంపిస్తాను.

2. అలా కాదంటే జెండా ఊపడానికి మా ఇంటి నుంచి ఎవరూ రారు. నా మనవరాలు రాదు. మీ పిల్లల సంగతి మీరు తేల్చుకోండి.

3. ఆ పరాయి తొడల ఫ్లెక్సీ దింపాలి. ఫొటో కావాలంటే తువ్వాలు చుట్టుకున్నది ఇస్తాం.

4. మిరపకాయలు కనిపించిన చోటల్లా దిగి నడవాలి. అధ్యక్షుడు ముందు దిగాలి.

5. కొండకు దక్షిణాన, రోడ్డు పక్కనే ఒక చెరువుంది. గట్టు మీద ఆగండి. మైకు, ఉపన్యాసం వద్దు. మీరు చేరే వేళకు కోటగోడ మొత్తం నీళ్లలో కనిపిస్తుంది. అప్పుడే ఊళ్లోంచి గేదెలు దిగుతాయి. గోడ వణుకుతుంది, ముక్కలవుతుంది. గేదెలు మెడలోతుకు పోయి కదలకుండా నిలబడతాయి. నీళ్లలో ముందు ఒక బురుజు కుదురుకుంటుంది, తర్వాత రెండోది.