కుంకుమ పడిన గాజుపోగు

మా పక్క వాటాలో అద్దెకుండే లోహిత గురించి వీధిలో ఒక మాట తిరుగుతోంది. పూజకు వంక పెట్టి ఉద్యోగం పోగొట్టుకుందట! విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేనే చెబుతాను.

లోహితది నగరి. ఇంటిల్లిపాదీ మగ్గం మీద బతికినవాళ్ళే. తల్లి దేవకమ్మ ఇప్పటికీ మరమగ్గం నడుపుతుంది. ఈ పిల్ల డిప్లొమా చదివి, తిరుపతి శివార్లలో కొత్తగా కట్టిన డేటా సెంటర్లో ఫైబర్ కేబుళ్ళు కలిపే పనికి కుదిరింది. మన ఫోటోలు, బ్యాంకు లెక్కలు, రైలు టికెట్లు అన్నీ దాచే యంత్రాలు వరసగా ర్యాకుల నిండా ఉండే చోటు అది. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి వెంట్రుకంత గాజుపోగులో వెలుగు పరుగెడుతుంది. ఆ పోగు మొన మీద దుమ్ము రేణువు పడితే చాలు, వెలుగు సరిగా దాటదు. అందుకే ప్రతి మొనకూ చిన్న మూత ఉంటుంది. మూత తీసి, మొన తుడిచి, వెంటనే సాకెట్లో పెట్టాలి. ఆ పనంటే పిల్లకు ప్రాణం. సెలవు రోజున కూడా ఆ కబుర్లే చెబుతుంటే, నీకు పెళ్ళి కూడా ఆ కేబుల్‌తోనే చేస్తామని ఆటపట్టించేవాళ్ళం.

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆటోకైనా, కుట్టుమిషనుకైనా బొట్టు పెట్టకుండా ఆ రోజు గడవదు. మేనేజరు ప్రతాప్ కేబుళ్ళకూ పూజ చేయాలన్నాడు. సంతోషమే. కానీ లోపల కర్పూరం వెలిగిస్తే పొగకు అలారం మోగుతుంది. హారతి లేని పూజ వెలితిగా ఉంటుందని ఆ మహానుభావుడు బదులుగా కుంకుమార్చన పెట్టాడు, పళ్ళెం నిండా కుంకుమతో.

అప్పటికి లోహిత ఒక ర్యాకు ముందు మూతలు తీసి, పని మధ్యలో ఉంది.

“ఒక్క నిమిషం సార్, మూతలు పెట్టేసొస్తా. కుంకం గుమ్మం కాడ పెట్టుకుందాం, ఈడ వద్దు.”

“రాహుకాలం వచ్చేస్తాదమ్మా! శుభమా అని పూజ చేస్తావుంటే వద్దంటావేంది? పక్కకు జరుగు,” అన్నాడు ప్రతాప్.

జరిగింది. ఏం చేస్తుంది? ఆయన గుప్పిళ్ళతో చల్లాడు. తక్కినవాళ్ళూ తలా ఒక చిటికెడు చల్లి ఫోటోలు దిగారు. యంత్రాల ఫ్యాన్లు ఆ కుంకుమను మూలమూలకూ మోసుకెళ్ళాయి.

మర్నాడు పరీక్షిస్తే ఆ ర్యాకులో సగం లైన్లు పనిచేయలేదు. మొనలు తుడిచిన గుడ్డ ఎర్రబడింది. అందరూ చూశారు. కుంకుమ అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. తిరుపతిలో ఉంటూ, పూజ వల్ల పని చెడిందని ఎవరంటారు? దుమ్మన్నారు. దుమ్ము పడిందంటే ఎవరో మూతలు తీసి వదిలేసినట్టే. ఆ ఎవరో లోహిత అయింది. బెంగళూరు నుంచి కంపెనీవాళ్ళు వస్తున్నారు, వాళ్ళ ముందు తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుందన్నాడు ప్రతాప్. ఒప్పుకుంటే పని రానిదన్న పేరు, ఒప్పుకోకపోతే ఇంటికి!

ఆ సాయంత్రం మా వసారాలో కూర్చుని తల్లికి ఫోన్ చేసింది.

“అమ్మా, పండగ పొద్దు మగ్గానికి బొట్టు యాడ పెడతాం?”

“చట్రానికి పెడతాం. తెలీదా మే నీకు?”

“పోగుకు పెట్టమా?”

“పోగుకు పెడితే చీర పాడైపోదా? పని చెడగొట్టే పూజ యాడన్నా ఉండాదా? ఏమైంది మే, అట్లడగతా ఉండావు?”

మర్నాడు కంపెనీవాళ్ళ ముందు నిలబడి లోహిత చెప్పింది. “మూతలు తీసింది నేనే సార్, పని కోసం తీసినాను. తిరిగి పెట్టనీకుండా కుంకం చల్లింది ప్రతాప్ సారు.”

ప్రతాప్ ముఖం జేవురించింది. “దేవుణ్ణే అంటా ఉండావా నువ్వు?”

“దేవుణ్ణి నేనేమీ అనలేదు సార్. మిమ్మల్నే అంటా ఉండా.”

కుంకుమ చల్లిన చేతులన్నీ జేబుల్లోకి పోయాయి. అందరి సెల్లుల్లోనూ ఫోటోలున్నాయి, తీసి చూపించే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. లోహితను మరునాటి నుంచి రావద్దన్నారు.

కొన్నాళ్ళకు ఆ హాలు తలుపు మీద బోర్డు వెలిసింది: పసుపు, కుంకుమ, విభూతి లోపలికి తేరాదు. తప్పెవరిదో తెలియకుండానే ఆ బోర్డు రాయించారా? పిల్లను పిలిచి ఒక్క మాట చెప్పడానికి నోళ్ళు పడిపోయాయా?

ఇప్పుడు లోహిత లాడ్జీలకు ఇంటర్నెట్ తీగలు లాగుతోంది. మొన్న ప్రతాప్ పంపితే మునిప్రసాద్ వచ్చాడు. ఆమెతో పనిచేసినవాడే, ఆ పూజలో ఉన్నవాడే. కొత్త కేబుళ్ళు వచ్చాయట, చేయి తిరిగినవాళ్ళు చాలడం లేదట, తిరిగి చేరమని కబురు.

లోహిత కాఫీ ఇచ్చి, “వస్తాలే అన్నా. ఆ పొద్దు సారు ఎవురి ముందర తప్పు నాదన్నాడో, వాళ్ళ ముందరే కాదని చెప్పమను. చెప్పిన పొద్దే వస్తా,” అంది.

“పెద్దాయన, అట్లెట్ల చెప్తాడమ్మా?”

“పోనీ నువ్వు చెప్పు. నువ్వూ సూసినావు గదా.”

మునిప్రసాద్ కాఫీ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.