నారింజ ముఖాల స్టూడియో

నగోయాలో ఒసు బజారుకి వెళ్ళి, కోడిమాంసం వేయించి అమ్మే కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే తోరిగోయే ఫుసాయే స్టూడియో. బొమ్మల కథల్లో, వీడియో గేముల్లో పాత్రల వేషాలు కట్టి ఫొటోలు దిగే ఆడపిల్లలు విగ్గులూ, అట్టకత్తులూ, మడత రెక్కలూ చక్రాల పెట్టెల్లో కుక్కుకుని వస్తారు. ఆ పెట్టెను మెట్ల మీద రెండుసార్లయినా గోడకి కొట్టకుండా పైకొచ్చిన పిల్ల ఇంతవరకు లేదు. చప్పుడు వినగానే లోపల్నుంచి ఫుసాయే గొంతు లేస్తుంది.

"గోడ నాది, పెట్టె నీది! రెంటి మీదా కాస్త దయ ఉంచు తల్లీ!"

ఆవిడకి అరవై మూడేళ్ళు. భర్త ఏకిచితో కలిసి ముప్ఫై ఏళ్ళ పాటు బడిపిల్లల ఫొటోలు, కిమోనో ఫొటోలు, ఉద్యోగం దరఖాస్తు ఫొటోలు తీసింది. ఆ బేరాలు పలచబడుతున్న రోజుల్లో, దరఖాస్తు ఫొటో కోసం వచ్చిన ఒక అమ్మాయి సంచిలోంచి వెండి రంగు విగ్గు బయటికి తీసి, సిగ్గుపడుతూ, "ఇది పెట్టుకుని కూడా ఒకటి తీస్తారా?" అని అడిగింది. ఫుసాయే తీసింది. తీసి చూసుకుని, "నీ ముక్కేదమ్మా? లైటు తినేసింది" అంది. ఆ అమ్మాయి ఆ రోజు మూడుసార్లు ముఖం కడుక్కుని మూడుసార్లు మళ్ళీ మేకప్ వేసుకుంది. నాలుగోసారికి ముక్కు వచ్చింది. ఆ కబురు ఎలా పాకిందో ఏమో, ఏడాది తిరిగేసరికి ఉద్యోగాల ఫొటోలు పోయి వేషాలే మిగిలాయి.

అద్దంలో బాగున్న ముఖం కెమెరాలో బాగుండి తీరాలని ఎక్కడా లేదు. ఇది ఫుసాయే రోజుకి పదిసార్లు చెప్పే మాట. ఫ్లాష్ పడితే వేసిన రంగులో మూడో వంతు ఎగిరిపోతుంది, కాబట్టి కనుబొమలూ ముక్కు పక్క నీడలూ నీకే ఎబ్బెట్టుగా అనిపించేంత దిద్దాలి. కంటికి కనపడని పౌడరు కొన్నిసార్లు ఫ్లాష్‌కి సున్నం కొట్టినట్టు తేలుతుంది, అందుకని ముందు చీకట్లో సెల్‌ఫోను ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూసుకోవాలి. విగ్గు ముంగురుల నీడ కళ్ళ మీద పడుతుంది కాబట్టి గడ్డం కింద తెల్ల అట్ట పట్టుకుని కూర్చోవాలి. ఇవన్నీ ఆవిడ నెమ్మదిగా చెప్పదు, కేకలేస్తుంది. పిల్లలు ఆ కేకల కోసమే వస్తున్నారా అనిపించేలా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడకి ఒళ్ళంతా పొగరు. ఏకిచి పని చేసిన రోజుల్లో, రంగులు సరిచూసుకోవడానికి ముందుగా ఒక బూడిదరంగు అట్టను ఫొటో తీసుకునేవాడు. ఆయన నడుం నొప్పితో పని మానగానే ఫుసాయే ఆ అట్టను సొరుగులో పడేసింది. "నాకు కళ్ళున్నాయి. అట్ట ఎందుకు?" అంది. అప్పట్నుంచి కంప్యూటర్ ముందు కూర్చుని రంగులన్నీ కంటితోనే దిద్దుతోంది.

రెండేళ్ళుగా ఆ కళ్ళు ఏదో తేడా చేస్తున్నాయి. ఏ ఫొటో చూసినా పసుపుగా, పొగచూరినట్టు కనిపించేది. ఆవిడ నీలం కాస్త పెంచేది. కొత్త బల్బుల్ని తిట్టేది, కంప్యూటర్ని తిట్టేది, కిటికీ అద్దాలు తుడిచేది. పౌడరు డబ్బా మీద అక్షరాలు చదవాల్సి వస్తే, "ఏదీ, నువ్వు చదువు చూద్దాం" అని పిల్లల చేత చదివించేది. కళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఎందుకంటే ఆవిడ తల్లికి కూడా ఇలా మసకతోనే మొదలైంది. చివరి పదకొండేళ్ళూ ఆమె గోడలు తడుముకుంటూ బతికింది. డాక్టరు నోటి వెంట ఆ మాట వినడం కంటే బల్బుల్ని తిట్టుకోవడమే నయమనిపించింది ఫుసాయేకి.

వానాకాలం మొదట్లో ఒక శనివారం ఒసాకా నుంచి తమాకి అనే అమ్మాయి వచ్చింది. అది వేషానికి పెట్టుకున్న పేరే. ఇక్కడ అసలు పేర్లు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఆమె తర్వాతి వంతు షిగురేది. షిగురే పాత మనిషి, ఆరేళ్ళుగా నెలకోసారి వస్తోంది, పగలు మునిసిపాలిటీలో గుమస్తా పని. అరగంట ముందే వచ్చి బెంచీ మీద కూర్చుంది.

తమాకి ఏదో గేములో దేవతట. ఫుసాయే ఫొటో తీసి, రంగులు దిద్ది, తెర అటు తిప్పింది. తమాకి చూసింది, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

"పిన్నీ, నేను దేవత వేషం కదా వేసింది?"

"అవును. ఏం?"

"మరి చెరువులోంచి తీసిన శవంలా ఉన్నానేంటి? ఇంత నీలమేంటి పిన్నీ!"

ఒసాకా వాళ్ళకిది మామూలే, నగోయాలో మాత్రం ఇంత మొహమాటం లేకుండా ఎవరూ మాట్లాడరు. బెంచీ మీద షిగురేకి ఉన్నట్టుండి బూటు లేసు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఫుసాయే ఆ పిల్ల వంచిన తలను చూసింది.

"షిగురే, నువ్వు చెప్పమ్మా. నీలంగా ఉందా?"

"బాగుందండీ పిన్నిగారూ... కొంచెం చల్లగా ఉంది, అంతే."

"చల్లగా ఏంటి, గడ్డకట్టిపోయా!" అంది తమాకి.

"అదేం కాదు. ఆ బూడిదరంగు విగ్గు పెట్టుకుంటే ముఖం అలాగే కనిపిస్తుంది" అంది ఫుసాయే.

తమాకి విగ్గు కొస ఒకటి పట్టుకుని చూసుకుంది.

"పిన్నీ," తమాకి గొంతు తగ్గించింది, "ఇది బూడిద కాదు. ఊదా. నిగనిగలాడే వంకాయ రంగు."

ఫుసాయే నవ్వేసి, కంప్యూటర్ మొరాయిస్తోందనీ, ఫొటోలు బాగుచేసి పంపిస్తాననీ చెప్పింది. షిగురేని మరో రోజు రమ్మంది. వాళ్ళిద్దరూ మెట్లు దిగాక తలుపుకి 'కొన్నాళ్ళు సెలవు' అని కాగితం అంటించి, స్టూలు మీద కూలబడింది. రంగు తెలియని మనిషి ముఖాలకి ఫొటోలు ఏం తీస్తుంది? అమ్మ గోడలు తడుముకున్న చప్పుడు చెవిలో మోగుతూనే ఉంది.

సోమవారం పొద్దున ఏకిచి ఎప్పటిలాగే ఆవిడని కాఫీ కొట్టుకి తీసుకెళ్ళాడు. ఎర్ర బొబ్బర్ల తీపి ముద్ద పూసిన టోస్టు ముందు పెట్టుకుని ఫుసాయే ముట్టుకోలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఇలాంటిది చూడలేదు.

"టోస్టు చల్లారిపోతోంది" అన్నాడు.

"నా కళ్ళు పోతున్నాయి" అంది ఆవిడ. "అమ్మకి పోయినట్టే. రెండేళ్ళుగా దాస్తున్నా."

ఏకిచి కాఫీ కప్పు కింద పెట్టి, బల్ల కిందనుంచి కాళ్ళు రెండూ పక్కకి చాపి చూపించాడు. ఒక కాలికి నల్ల సాక్సు, ఒక కాలికి నీలం సాక్సు.

"నువ్వు జతచేసి పెట్టినవే. రెండేళ్ళ నుంచి ఇలాగే."

"మరి ఇలాగే తిరుగుతున్నారా? చెప్పొచ్చుగా!"

"చెబితే నీకు కోపం. సాక్సులదేముంది, బూటులో ఎవరు చూస్తారు. లే, డాక్టరు దగ్గరికి పోదాం."

డాక్టరు చిన్నపిల్ల. చుక్కలు వేసి, లైట్లు వేసి, ఫుసాయే రెండు కళ్ళలోకీ చాలాసేపు చూసింది. ఫుసాయే చేతిరుమాలు మెలిపెడుతూ కూర్చుంది.

"శుక్లాలండీ. రెండు కళ్ళకీ బాగా ముదిరాయి. అందుకే అన్నీ పసుపు పట్టినట్టు కనిపిస్తాయి, నీలం, ఊదా సరిగా ఆనవు. పొర తీసేసి లెన్సు పెడతాం."

"మా అమ్మకి చూపు మొత్తం పోయిందమ్మా."

"అలా పోయిందంటే ఆవిడది కంటి నరం జబ్బై ఉంటుందండీ. మీ నరం చూశాను, బంగారంలా ఉంది."

"పోదా?"

"పోదండీ."

"ఇంకోసారి చూడు తల్లీ."

డాక్టరు ఇంకోసారి చూసింది. "పోదు" అంది. అప్పుడు ఏడ్చింది ఫుసాయే. భయంతో రెండేళ్ళు బిగపట్టిన ఊపిరి అంతా ఒక్కసారి వదిలినట్టు, ముక్కు చీదుకుంటూ, నవ్వుతూ ఏడ్చింది. బయటికొచ్చి, పొద్దున వదిలేసిన టోస్టు గుర్తొచ్చి, ఏకిచి చేయి పట్టుకుని తిన్నగా కాఫీ కొట్టుకే నడిచింది. రెండు తింది.

వారం తేడాతో రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు దుప్పటి తెలుపు చూసి తెల్లబోయింది. ఇంటికొచ్చి అద్దం చూసుకుని, "ఈ ముసలావిడెవరండీ?" అని గొల్లున నవ్వింది. సాక్సులన్నీ మంచం మీద పోసి గంటసేపు జతలు కలిపింది. ఆ సాయంత్రమే కంప్యూటర్ ముందు కూర్చుని తమాకి ఫొటో తెరిచి, నోరు నొక్కుకుంది. శవమే. పాపం ఆ పిల్ల మర్యాదగానే చెప్పింది. ఫొటోలన్నీ మళ్ళీ దిద్ది, కాళ్ళు మొక్కినంత పనిగా క్షమాపణ రాసి పంపింది. "ఇప్పుడు దేవతనయ్యా పిన్నీ!" అని జవాబొచ్చింది.

స్టూడియో మళ్ళీ తెరిచిన రోజు మొదటి వంతు షిగురేది. పెట్టె గోడకి కొట్టుకుంది, కేక వినపడింది, షిగురే మేకప్ గదిలోకి వెళ్ళింది. ఫుసాయే సొరుగులోంచి బూడిదరంగు అట్ట తీసి, దుమ్ము తుడిచి, పొగరంతా మింగేసి లైట్ల కింద పెట్టుకుంది. గంట తర్వాత షిగురే బయటికొచ్చింది.

ఫుసాయే లైట్ల దగ్గర్నుంచి ముందుకొచ్చింది. "ఏంటమ్మా ఆ ముఖం! నారింజపండు వేషమా?"

షిగురే బుగ్గలు, నుదురు, మెడ, అన్నీ నారింజే. బూటు లేసు వంక చూడబోయింది కానీ, ఈసారి వేషానికి లేసుల్లేవు.

"అంటే... మీ దగ్గరికొచ్చేటప్పుడు ఇలాగే వేసుకుంటామండీ."

"వేసుకుంటాం అంటే? ఎంతమంది?"

"పాతవాళ్ళం అందరం. మీ ఫొటోల్లో కొంచెం నీలం వస్తుంటే, నారింజ ఒక పూత ఎక్కువ వేసుకుంటే సరిపోతోందని ఎవరో అన్నారు. తర్వాత నీలం ఇంకా పెరిగింది. మేము ఇంకో పూత వేశాం. కొత్తగా వచ్చేవాళ్ళకి ముందే చెప్పి పంపేవాళ్ళం. తమాకికి మాత్రం చెప్పేవాళ్ళు లేకపోయారు, ఒసాకా పిల్ల కదా."

ఫుసాయేకి లెక్క తట్టడానికి కొంచెం సేపు పట్టింది. వీళ్ళు నారింజ పూసుకు రావడం వల్ల ఫొటో మరీ పసుపుగా ఉందని తను నీలం పోసింది. తను నీలం పోయడం వల్ల వీళ్ళు ఇంకాస్త నారింజ పూసుకున్నారు. రెండేళ్ళు ఇదే తంతు, ఒక్కరూ నోరు విప్పకుండా. ఈ బజారు జనం తప్ప ఇంకెవరూ ఇలాంటి మర్యాద చేయలేరు.

"ఒక్క మాట చెప్పొచ్చుగా!" అంది. ఈ మాట అనడం ఇది రెండోసారని తనకే తట్టింది.

"చెబితే మీరు బాధపడి స్టూడియో మూసేస్తారేమోనని భయపడ్డామండీ" అంది షిగురే. "మూసేస్తే మమ్మల్ని ఎవరు తిడతారు?"

ఫుసాయే కొత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు కళ్ళు నులమొద్దంది కాబట్టి అలాగే వదిలేసింది. "పో, ముఖం కడుక్కురా" అంది.

షిగురే తడి ముఖంతో తిరిగొచ్చింది. ఎడమ చెంప మీద చిన్న గోధుమరంగు పుట్టుమచ్చ.

"ఇదెప్పుడొచ్చింది?"

"పుట్టినప్పట్నుంచీ ఉందండీ."

"సరే, ముక్కు నీడతో మొదలెట్టు. ఇకనుంచి నా దగ్గర ఏం తప్పున్నా ముఖం మీదే చెప్పాలి. తెలిసిందా?"

షిగురే తెల్ల అట్ట గడ్డం కింద పట్టుకుని, ధైర్యం కూడగట్టుకుని, "అయితే ఒకటుందండీ. మీరు కొంచెం గట్టిగా అరుస్తారు" అంది.

"అది తప్పు కాదు!" అని అరిచింది ఫుసాయే. "ముక్కు!"