సాగర్ ఫొటోలు

మెదక్ రాందాస్ చౌరస్తా వెనక వెల్డింగ్ షాపు నడిపే హకీంకు మాటకంటే ముందు చెయ్యి లేస్తుంది. గేటు వంకరగా ఉందన్న గిరాకీని రోడ్డు మీదికి తోసేశాడు. షాపు ముందు బండి అడ్డం పెట్టినవాడికి పన్ను ఊడగొట్టాడు. భార్య రబియా చెప్పీ చెప్పీ విసిగిపోయింది. యాభై దాటిన మనిషి, ముగ్గురు ఆడపిల్లల తండ్రి, ఇంకా పిడికిలితోనే మాట్లాడతానంటే ఎవరికైనా ఒళ్లు మండదూ?

అతనికి మాత్రం తాను కొట్టిన ప్రతి దెబ్బా న్యాయమే. అందుకు సాక్ష్యంగా పాతికేళ్లుగా ఒకే కథ చెబుతున్నాడు.

తొంభై ఎనిమిది డిసెంబరులో హకీం, చర్చి ఆఫీసులో గుమస్తా మోషే, ఆటో నడిపే ఐలయ్య కలిసి నాగార్జునసాగర్ చూడబోయారు. డ్యాం దగ్గర మదన్ మోహన్ అనే ఫొటోగ్రాఫర్ ముగ్గురినీ నిలబెట్టి ఎనిమిది ఫొటోలు తీశాడు. అప్పట్లో పైసలు ముందే తీసుకుని, ఫొటోలు కడిగించాక పోస్టులో పంపేవారు. హకీం గల్లీలో హకీంలు ముగ్గురున్నారు కాబట్టి మోషే అడ్రసు రాయించారు. నెలలు గడిచినా ఫొటోలు రాలేదు. మే నెల ఎండల్లో ముగ్గురూ మళ్లీ సాగర్ వెళ్లారు.

"పంపిన అన్నా, ఒట్టు, పంపిన" అని మదన్ మోహన్ మొత్తుకున్నాడు. అతను అన్నకొద్దీ హకీం కొట్టాడు. ఐలయ్య వద్దు వద్దంటూనే ఉన్నాడు. మోషే వెనక నుంచి మదన్ మోహన్ భుజాలు పట్టుకున్నాడు. హకీం ఆ మనిషి కుడిచేతిని రెయిలింగ్‌కు ఆనించి విరిచేశాడు. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

"మోసం జేసినోని చెయ్యి ఇరిచిన. మళ్ల కెమెరా పట్టలే వాడు" అని చాయ్ తాగుతూ చెప్పేవాడు. విన్నవాళ్లు నవ్వేవారు.

మొన్న ఆదివారం మోషే చర్చి నుంచి సీదా షాపుకు వచ్చాడు. ఐలయ్య అక్కడే ఉన్నాడు.

"సాగర్ ఫొటోలు దొరికినయ్ రా! మా నాయన పెట్టెల ఉండె. జర సూడుండ్రి, ఎంత సన్నగున్నమో!"

ఐలయ్య ఒక్కో ఫొటో చూస్తూ పడీపడీ నవ్వాడు. "నా జుట్టు సూడు! మస్తుగుంటుండె గదరా!"

హకీం నవ్వలేదు. "గివి ఎప్పుడొచ్చినయ్?"

"మనం వాన్ని కొట్టొచ్చినంక వచ్చినయ్ గావొచ్చు. నాయన నాకు తెల్వకుండ దాచిండు."

హకీంకు కొంచెం ఊపిరాడింది. చేతిలో ఉన్న ఫొటోను వెనక్కి తిప్పాడు. మోషే గుండ్రటి అక్షరాలు. 'అందిన తేదీ 9-4-1999.' చర్చి ఆఫీసులో చేరిన రోజు నుంచి మోషేకు అదొక అలవాటు. చేతికి ఏ కాగితం వచ్చినా వెనక తేదీ వేస్తాడు. వేసిన సంగతి మరిచిపోయాడు.

ఏప్రిల్. వాళ్లు కొట్టింది మేలో.

మొదటి గుద్దుకే మోషే పెదవి చిట్లింది. ఇనుప రాడ్ల మీద పడ్డాడు. హకీం డొక్కలో తన్నాడు. అడ్డం వచ్చిన ఐలయ్య ముక్కుకు మోచెయ్యి తగిలి రక్తం కారింది.

"ఎందుకు జెప్పలేరా?"

"అన్నిట్ల నా చేతిల బీరు సీస ఉంది. నాయన సూస్తె సంపుతుండె. ఆయన దాచిండన్నది అబద్ధం, నేనే దాచిన. చర్చిల పాటలు పాడే క్వైర్ల కెల్లి తీసేస్తుండిరి."

"వాని భుజాలు పట్టుకున్నవ్ గదరా నువ్వు!"

"పట్టుకున్న."

హకీంకు ఏడుపొచ్చింది. న్యాయం కోసం కొట్టానన్న ఒక్క ధైర్యంతో ఇన్నేళ్లూ తల ఎత్తుకు తిరిగాడు. ఆ ధైర్యం కాస్తా ఇప్పుడు పోయింది. మోషే మణికట్టు పట్టి ఈడ్చి, అరచేతిని ఇనుప దిమ్మె మీద అదిమి, సుత్తి ఎత్తాడు.

"వద్దుర, హకీం!" అని ఐలయ్య అరిచాడు.

మోషే చెయ్యి లాక్కోలేదు. నోట్లోని రక్తం ఉమ్మేసి హకీం కళ్లలోకి చూశాడు.

"నేను జెప్పలే. తప్పే. గని ఆ ఫొటోలాయన పంపిన అని జెప్పిండు గదరా. గంతసేపు జెప్పిండు. నువ్వు ఇన్నవా?"

హకీం ఎప్పుడూ చేసే పనే చేశాడు. ఐలయ్య వచ్చి పట్టుకునేలోపే సుత్తి మోషే వేళ్ల మీద పడింది.